కళ్లజోడు ఎక్కడ పెట్టానో? వస్తువులు వెతికే గేమ్‌కి స్టోర్ బొమ్మ ఎంచుకోవడం

ఈ రోజు ఎపిసోడ్ కాశీబుగ్గ నుంచే. వెనకాల టక్ టక్ అని సౌండ్ వస్తుంటే కంగారు పడకండి. పక్క సందులో జీడిపిక్కలు కొడుతున్నారు. మైక్ మార్చి చూశాను, కిటికీ మూసి చూశాను, పోలేదు. పలాసలో వీడియో తీస్తే ఆ సౌండ్ ఫ్రీగా వస్తుంది అనుకోండి.

విషయం ఏంటంటే, టెక్కలిలో నాకో ఫ్రెండ్ ఉన్నాడు. బీటెక్‌లో ఒకటే బెంచ్. పోయిన ఏడాది ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాడు. వాడి చిన్నాన్న కూతురు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర ఊళ్లో ఉంటుంది. నాకూ చెల్లెలి లాంటిదే. వాడు కోడ్ రాస్తే తను బొమ్మలు వేసింది. ఇద్దరూ కలిసి ఒక చిన్న గేమ్ చేశారు. బొమ్మలో దాచిన వస్తువులు వెతికే ఆట. అసలు పేరు ఇప్పుడే చెప్పొద్దన్నారు కాబట్టి ఈ వీడియోలో "మామ్మ గేమ్" అందాం.

అందులో ఆరు సీన్లు ఉన్నాయి. మామ్మగారి వసారా, జీడి తోట, పలాస స్టేషన్ ప్లాట్‌ఫారం, తేలినీలాపురంలో చెట్ల నిండా కొంగలు, నౌపడ ఉప్పు మడులు. ఆరోది తిత్లీ తుఫాను మర్నాడు పొద్దున్న. దాని గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది.

గేమ్ అయిపోయింది. ఆడితే బాగుంది కూడా. ఇప్పుడు స్టోర్‌లో పెట్టడానికి బొమ్మ కావాలి. ఐకాన్ ఒకటి, పైన పెద్ద బ్యానర్ ఒకటి. యాడ్స్‌కి వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. వాడు దాచుకున్నది దసరా వరకు వస్తుంది, అంతే. వాళ్లమ్మగారు ఇప్పటికీ కొడుకుని ఉద్యోగంలోంచి తీసేశారనే అనుకుంటున్నారు. కాబట్టి ఈ గేమ్‌కి ఉన్న ఒకే ఒక్క యాడ్ ఆ గోరంత బొమ్మే. "నువ్వు చూసి చెప్పరా" అని నాలుగు బొమ్మలు పంపుతానన్నాడు. మూడు పంపాడు. నాలుగోది ఎలా వచ్చిందో చివర్లో చెప్తాను.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. 2021లో నేనొక తెలుగు పదాల ఆట చేసి ప్లే స్టోర్‌లో పెట్టాను. ఐకాన్ మీద ఆట పేరంతా తెలుగులో రాశాను, ఏడు అక్షరాలు. ల్యాప్‌టాప్‌లో చూస్తే అబ్బ, ఎంత బాగుందో. ఫోన్‌లో చూస్తే చీమలు పాకినట్టుంది. మన తెలుగు అక్షరానికి పైన గుణింతం ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. "ఉద్దానం" అని రాయండి, ద కింద ఇంకో ద వేలాడుతుంది. నిలువుగా చోటు కావాలి. ఇంగ్లీష్ పెద్ద అక్షరాలకి ఆ బాధ లేదు. అందుకని ఇంగ్లీష్ గేమ్ ఐకాన్ చూసి అదే సైజులో తెలుగు పెడితే చదవలేం. పెట్టాలనుకుంటే ఒక్క అక్షరం పెట్టండి, లేదంటే అసలు వద్దు. పేరు ఎలాగూ ఐకాన్ పక్కనే స్టోర్ వాళ్లే రాస్తారు కదా! ఆ గేమ్‌ని మా ఇంట్లోవాళ్లు, ఇద్దరు కొలీగ్స్ డౌన్‌లోడ్ చేశారు. అక్కడితో సరి.

ఇక సైజుల సంగతి గబగబా చెప్పేస్తాను. ప్లే స్టోర్‌కి ఐకాన్ 512 బై 512 పిక్సెల్స్. మూలలు మీరు గుండ్రంగా కొయ్యక్కర్లేదు, వాళ్లే కోస్తారు. కాబట్టి మూలల్లో ముఖ్యమైనవేవీ పెట్టకండి. బ్యానర్‌ని ఫీచర్ గ్రాఫిక్ అంటారు, 1024 బై 500. మీరు వీడియో కూడా పెడితే ఆ బ్యానర్ నడిమధ్యలో ప్లే బటన్ వచ్చి కూర్చుంటుంది. మధ్యలో మామ్మ మొహం ఉందనుకోండి, ముక్కు మీద బటన్. ఆపిల్‌కి ఐకాన్ 1024 బై 1024. ఇంకోటి, "ఫ్రీ", "నంబర్ వన్", "బెస్ట్" లాంటి మాటలు ఐకాన్ మీద గానీ పేరులో గానీ పెట్టకూడదని గూగుల్ రూల్. పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కూడా 2022 సెప్టెంబర్ 1 నుంచి కవర్ బొమ్మ మీద గేమ్ పేరు తప్ప రివ్యూ స్కోర్లు, అవార్డుల పేర్లు ఉండకూడదు. మంచిదే. అందరూ నంబర్ వన్ అయితే నంబర్ టూ ఎవరు?

సరే, అసలు చిక్కుకి వద్దాం. ఈ రకం గేమ్‌కి కవర్ వెయ్యడం మామూలు గేమ్ కంటే కష్టం. ఎందుకో ఆలోచించండి. కార్ల గేమ్‌కి కారు పెడతారు. క్రికెట్‌కి బ్యాట్ పెడతారు. ఇక్కడ గేమ్ అంతా దాచడమే. నలభై వస్తువుల మధ్య ఒక తాళంచెవి దాక్కుంటుంది, అది దొరక్కపోవడమే మజా. మరి కవర్ మీద అదే పని చేస్తే? దొరకనిది ఎవడికీ కనపడదు. గేమ్ దాచాలి, కవర్ చూపించాలి. రెండూ ఎదురెదురు పనులు.

మనకి ఈ ఆట కొత్తేం కాదు. ఆదివారం పుస్తకంలో "తేడాలు కనుక్కోండి" అని రెండు బొమ్మలు ఇస్తే అక్కాతమ్ముళ్లు పెన్ను కోసం కొట్టుకున్న ఇళ్లే కదా మనవి. బయట దేశాల్లో 1987లో మార్టిన్ హ్యాండ్‌ఫోర్డ్ "వేర్ ఈజ్ వాలీ" పుస్తకం వేశాడు. జనం కిక్కిరిసిన బొమ్మలో ఎర్ర తెల్ల చారల చొక్కా వాడిని వెతకాలి. పుస్తకం చదవనివాళ్లు కూడా ఆ చారలు చూస్తే గుర్తుపడతారు. కంప్యూటర్‌లో 2005లో వచ్చిన "మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్" తర్వాత ఈ ఆటలకి ఊపొచ్చింది. 2017లో రెండు వేరే వేరే దారులు కనిపించాయి. ఒకటి "జూన్స్ జర్నీ", 1920ల నాటి కథ, జూన్ పార్కర్ అనే ఆవిడ తోబుట్టువు మరణం వెనక నిజం వెతుకుతుంది. అక్కడ మనల్ని లాగేది మనిషి, కథ. రెండోది "హిడెన్ ఫోక్స్", నలుపు తెలుపు గీతలతో చేత్తో వేసిన బొమ్మలు, సౌండ్లన్నీ నోటితో చేసినవి. అక్కడ లాగేది గీత. అంటే చూడండి, వాలీ అయినా జూన్ అయినా హిడెన్ ఫోక్స్ అయినా, లాగింది ఒక్కటే. చారల చొక్కా, ఒక మనిషి, ఒక రకం గీత. నలభై వస్తువులు ఎవర్నీ లాగలేదు.

ఇది మన జిల్లా వాళ్లకి అసలు ఎవరూ నేర్పక్కర్లేదండీ. వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళంలోనే పుట్టారు, 1921లో. వ.పా. అంటే పెద్దవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఏళ్ల తరబడి చందమామకి కవర్ బొమ్మలు వేశారు. నాకు ఫోన్‌లో స్కాన్లే గతి, మా తాత మాత్రం అట్టలు దాచుకున్నాడు. అవి చూస్తే నాకు తట్టింది ఏంటంటే, ఆ పుస్తకాలు రైల్వే స్టేషన్ స్టాల్లో తాడుకి క్లిప్పు పెట్టి వేలాడేసేవారు. ట్రైన్ ఆగేది రెండు నిమిషాలు. కిటికీ లోంచి చూసే పిల్లాడికి పది పుస్తకాల మధ్య అది కనపడాలి, "నాన్నా అది" అని వేలు చూపించాలి. ప్లే స్టోర్ సెర్చ్ అంటే అదే కదా ఇప్పుడు! ఆ అట్టల మీద చూడండి, ఒకరో ఇద్దరో మనుషులు, పెద్దగా, ఒక కథలో ఏదో జరగబోయే క్షణం. లోపల కథ ఎన్ని మలుపులు తిరిగినా అట్ట మీద మలుపు ఒక్కటే.

ఇప్పుడు మావాడు పంపిన మొదటి బొమ్మ. (స్క్రీన్ మీద చూడండి.) వసారా సీన్‌ని యథాతథంగా కోసి ఐకాన్ చేశాడు. గుమ్మం, ఉట్టి, చాట, లాంతరు, పనసకాయ, రుబ్బురోలు, పిల్లి, గొడుగు, ఇంకా బోలెడు. చెల్లి గీసిన ప్రతి గీతా ఇష్టమే నాకు. కానీ ఫోన్‌లో ఆ సైజుకి వచ్చేసరికి గోధుమరంగు ముద్ద. మీరు కూడా మీ బొమ్మతో ఇలా చేసి చూడండి. స్టోర్‌లో పది గేమ్స్ ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఒకదాని మీద మీ ఐకాన్ అతికించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో రంగులు తీసేసి నలుపు తెలుపు చెయ్యండి. వెలుతురు సగానికి తగ్గించి, బస్టాండ్‌లో ఎండలో నిలబడి, చెయ్యి చాపి చూడండి. అప్పుడు కూడా ఏదో ఒక ఆకారం తెలిస్తే పాస్. మొదటి బొమ్మ నలుపు తెలుపు దగ్గరే ఫెయిల్.

రెండోది ఏఐతో చేయించాడు. నిమిషాల్లో వచ్చేసిందట. టోపీ పెట్టుకున్న అమ్మాయి, చేతిలో భూతద్దం, నోరు తెరిచి ఆశ్చర్యం. వెనకాల కొబ్బరిచెట్లు, కానీ అవి ఉద్దానం కొబ్బరిచెట్లు కావు, ఏదో విదేశీ బీచ్ హోటల్ వాల్‌పేపర్‌లోవి. అమ్మాయి కుడిచేతి వేళ్లు లెక్కపెట్టండి, నేను కామెంట్ చెయ్యను.

కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఎవరికి చూపించినా ముందు వేలు వెళ్లింది దాని మీదకే. పెద్ద మొహం, పెద్ద కళ్లు, ఎర్ర టోపీ. మావాడు ఫోన్‌లో గంతులేశాడు, "చూశావా, ఇదే పెట్టేద్దాం" అని. నేను రెండో ప్రశ్న అడగమన్నాను. "ఈ గేమ్‌లో ఏం చెయ్యాలి అనుకుంటున్నావు?" అని. వచ్చిన జవాబులు: మర్డర్ ఎవరు చేశారో పట్టుకోవాలి, దెయ్యాల బంగళా, దొంగల్ని పట్టుకోవాలి. మన గేమ్‌లో మర్డర్ లేదు, ఆ అమ్మాయే లేదు. మామ్మగారి అట్లకాడ వెతకాలి!

ఇది చిన్న విషయం కాదు ఫ్రెండ్స్. మీరందరూ చూసే ఉంటారు, యాడ్‌లో ఒక ఆట, ఇన్‌స్టాల్ చేస్తే వేరే ఆట. 2020లో బ్రిటన్‌లో యాడ్స్‌ని చూసే సంస్థ "హోమ్‌స్కేప్స్", "గార్డెన్‌స్కేప్స్" యాడ్స్ మీద ఇదే తప్పుపట్టింది, చూపించినది అసలు ఆటలా లేదని. అవి పెద్ద గేమ్స్, తట్టుకుంటాయి. చిన్నవాళ్లకి అలా కుదరదు. మర్డర్ కోసం వచ్చినవాడు అట్లకాడ చూసి ఐదు నిమిషాల్లో తీసేస్తాడు, పోతూపోతూ ఒక స్టార్ ఇచ్చి పోతాడు. ప్లే కన్సోల్‌లో బొమ్మల్ని పోటీ పెట్టే సదుపాయం ఉంది. ఇప్పుడున్న దానికి పోటీగా మూడు వరకు పెట్టొచ్చు, వచ్చినవాళ్లని పంచి చూపిస్తుంది. అందులో ఎంతమంది ఇన్‌స్టాల్ చేశారనే లెక్కతో పాటు, మర్నాటికి ఎంతమంది ఉంచుకున్నారనే లెక్క కూడా ఇస్తుంది. రెండోదే చూడండి. మొదటిది చూసి మురిసిపోకండి.

ఒక తిరకాసు ఉంది. ఆ పోటీ తేలాలంటే రోజుకి బోలెడుమంది పేజీకి రావాలి. రోజుకి ఇరవై మంది వచ్చే పేజీలో ఏ బొమ్మ గెలిచిందన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే. అందుకని విడుదలకి ముందు మనిషిని అడగాలి. ఎవర్ని అడగాలి?

మా పిన్ని జీడిపప్పు గ్రేడింగ్‌లో పనిచేస్తుంది. మీరు ఎప్పుడైనా చూశారా ఆ పని? పిక్క కొట్టి, ఆరబెట్టి, పైపొట్టు తీశాక పప్పు గుట్టగా ముందు పోస్తారు. గుండు, బద్ద, ముక్క వేరు చెయ్యాలి. గుండులో మళ్లీ సైజులు. 180, 210, 240, 320 అని పిలుస్తారు. పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క అది, నంబరు తగ్గితే పప్పు పెద్దదన్నమాట. తూకం వెయ్యరు, కంటితోనే. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు వాటంతటవి పోతుంటాయి. పురుగు మచ్చ ఉన్న పప్పు గుట్టలో ఎక్కడున్నా చెయ్యి దాని మీదకే వెళ్తుంది. వస్తువులు వెతికే ఆటని రోజుకి ఎనిమిది గంటలు కూలికి ఆడే మనుషులు వాళ్లు. నా ఉద్దేశంలో ఇండియాలో ఈ గేమ్‌కి ఇంతకంటే మంచి టెస్టర్లు లేరు.

మధ్యాహ్నం టీ టైమ్‌లో వెళ్లాను. ఫోన్ ఇచ్చి, "పిన్నీ, ఇందులో పది బొమ్మలున్నాయి, ఒక్కసారి చూసి ఇచ్చెయ్" అన్నాను.

"ఉండరా, కళ్లజోడు ఏదీ..." అని చాట ఎత్తింది, సంచి దులిపింది, కొంగు తడుముకుంది. పక్కనున్న ఆవిడ నవ్వు ఆపుకోలేక, "ఓలమ్మా, నెత్తిమీదే ఉన్నాది, సూసుకో" అంది. పప్పులో చుక్కంత మచ్చ పట్టే మనిషి! అందరం నవ్వుకున్నాం. అప్పుడు నాకేం తట్టలేదు.

నేను వాళ్లని "బాగుందా?" అని అడగలేదు. ఇది రాసుకోండి. మనవాళ్లని బాగుందా అంటే బాగుందనే అంటారు, మొహమాటం. రెండు సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని, "ఏం చూశావు?" అని అడగాలి.

మొదటి బొమ్మకి పిన్ని జవాబు, "పాత సామాన్ల కొట్టు." రెండోదానికి, "ఎవుత్తిదా పిల్ల, సినిమాదా?" మూడోది చూపించాను. రెండు సెకన్ల తర్వాత ఫోన్ తీసుకోబోతే వదల్లేదు. ఇంకా చూస్తూనే ఉంది. చాలాసేపు చూసి, "ఇది మా తోటలాగుందిరా" అంది. తర్వాత, "దీన్నేటి ఆటలో ఎట్టినారు?" అంది. కోపంగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

మూడో బొమ్మ ఏంటో చెప్పాలి కదా. ఆరో సీన్ అది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అంటే ఉద్యానవనం నుంచి వచ్చిన పేరంటారు, కొబ్బరి, జీడి, పనస, అంతా తోటే. ఆ పొద్దున్న తోట నేల మీద ఉంది. మీలో చాలామంది అప్పుడు టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఉండుంటారు, గుర్తుండే ఉంటుంది. కొబ్బరిచెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక రాత్రిలో పోయింది. చెల్లి ఆ బొమ్మలో పడిపోయిన మొవ్వులు, పైకి లేచిన వేర్లు, వాటి మధ్య ఒక ఇత్తడి చెంబు వేసింది. బొమ్మగా చూస్తే మూడిట్లో అదే గొప్పది. నలుపు తెలుపులో కూడా ఆకారం తెలుస్తుంది, అడ్డంగా పడ్డ ఒక్క మాను, దాని పక్కన చిన్న చెంబు. నా పరీక్షలన్నీ పాస్.

చెల్లి ఇదే కవర్ అవ్వాలని పట్టుబట్టింది. నేను ఫోన్ చేసి పిన్ని అన్నమాట చెప్పాను. "ఆటలో ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను.

"ఆ రోజు మేం చేసింది అదే కదా అన్నా" అంది. "మామ్మ చెంబు, రేషన్ కార్డు, పట్టాదారు పుస్తకం, నా స్కూలు సంచి. కొమ్మల కింద దూరి సాయంత్రం దాకా ఎతికాం. చెంబు దొరికిందని మామ్మ నవ్వింది. ఆ రోజు నవ్వింది ఆ ఒక్కసారే. ఆ సీన్ లేకపోతే ఈ గేమ్ నేను గియ్యనే గియ్యను."

నేనేం మాట్లాడలేకపోయాను. కవర్ బాగుందా లేదా అని మార్కులు వేద్దామని కూర్చున్నవాణ్ణి.

అయినా చెప్పాల్సింది చెప్పాను. ఆరో సీన్‌కి మనిషి ఐదు సీన్లు దాటి వస్తాడు. అప్పటికి వాడికి మామ్మ తెలుసు, ఆ వసారా తెలుసు, ఆ చెంబుతో నీళ్లు తాగిన మనవడు తెలుసు. అప్పుడు పడిపోయిన చెట్టు చూస్తే గుండె కలుక్కుమంటుంది. స్టోర్‌లో వాడికి ఎవరూ తెలీదు. చాక్లెట్ల గేమ్‌కీ కార్ల గేమ్‌కీ మధ్య, అన్నం తింటూ బొటనవేలితో తోసుకుంటూ పోతుంటాడు. ఆ వరసలో మన చెట్టు పెడితే వాడికది ఒక పడిపోయిన చెట్టు, అంతే. మన పిన్నికి మాత్రం, ఏ హెచ్చరికా లేకుండా ఆ పొద్దున్నే మళ్లీ వచ్చి పడుతుంది. తెలియనివాళ్లకి ఏమీ చెప్పదు, తెలిసినవాళ్లని బాధపెడుతుంది. పైగా సరదా ఆట అనుకుని వచ్చేవాడికి తుఫాను ఆట అని తప్పు చెప్తుంది. ఐదు సీన్లు నవ్వించే గేమ్ ఇది. భూతద్దం అమ్మాయిది అబద్ధం అయితే ఇది సగం నిజం.

తను ఇంకో మాట అంది. "ఉద్దానం అని నెట్‌లో కొట్టి చూడు అన్నా. కిడ్నీ జబ్బు, డయాలసిస్ మంచాలు, తుఫాను. అవే వస్తాయి. అవి అబద్ధాలు కావు. కానీ మా మామ్మ ఎలా ఉంటాదో ఎక్కడా రాదు." అక్కడే నేను, "మరి మామ్మనే పెట్టకూడదా?" అన్నాను. "మామ్మ ఊరికే నిలబడితే ఏటి సూస్తారు?" అంది. న్యాయమే. ముసలావిడ మొహం ఒక్కటే పెడితే ఆరోగ్యం యాప్ అనుకుంటారు.

మాటల్లో పిన్ని కళ్లజోడు సంగతి చెప్పాను, నవ్విద్దామని. అటు నుంచి చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. "అన్నా, మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది. గంట తర్వాత వాట్సాప్‌లో పెన్సిల్ బొమ్మ వచ్చింది.

ఇదిగో నాలుగోది. మామ్మ మొహం, ఐకాన్ నిండా. కళ్లు చికిలించి ఏదో వెతుకుతోంది, వేలు పెదవి మీద. కళ్లజోడు నెత్తి మీద ఉంది. అంతే! వెనకాల జీడిమామిడి పండు రంగు, ఎరుపూ పసుపూ కలిసినట్టు. ఇంకేం లేదు.

ఎందుకు పనిచేస్తుందో చూడండి. చూసినవాడికి మామ్మ కంటే ముందు వస్తువు దొరికేస్తుంది. అంటే వాడు అప్పటికే ఆట ఒక రౌండ్ ఆడేసి గెలిచాడు, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే. భాష అక్కర్లేదు, ఒక్క అక్షరం లేదు. ఇచ్ఛాపురంలో ఉన్నా అమెరికాలో ఉన్నా నెత్తి మీద కళ్లజోడు పెట్టుకుని వెతికే పెద్దావిడ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఇక్కడ కవర్ దాచిపెట్టి కూడా చూపించింది. నేను ఇందాక ఎదురెదురు పనులన్నాను కదా, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

తప్పులు లేవా అంటే, ఉన్నాయి. పెన్సిల్ బొమ్మలో కళ్లజోడు సన్నటి తీగ ఫ్రేము. చిన్న సైజులో మాయమైపోయి, మామ్మకి తలనొప్పి వచ్చినట్టు కనపడింది. నల్లటి మందపాటి ఫ్రేము వెయ్యమన్నాను. "మా మామ్మది తీగ ఫ్రేమే" అని అరగంట వాదించింది. చివరికి మందం చేసింది, కానీ ఒక పక్క దారం కట్టింది, మామ్మది నిజంగా అలాగే ఉంటుందట. ఆ దారం ఐకాన్‌లో ఎవరికీ కనపడదు. ఉండనివ్వండి. ఇంకోటి, స్టోర్ తెల్ల థీమ్‌లో మామ్మ తెల్ల జుట్టు అంచులో కలిసిపోయింది. వెనక రంగుని అంచు దాకా నింపితే సరిపోయింది.

మళ్లీ గ్రేడింగ్ షెడ్‌కి వెళ్లాను. రెండు సెకన్లు. పక్కావిడ ఫోన్ చూసి పిన్నిని మోచేత్తో పొడిచింది, "నీ బొమ్మేనే!" అని. "ఆటలో ఏం చెయ్యాలి?" అని అడిగితే, "ఏటుంది, ముసల్దానికి అన్నీ ఎతికి పెట్టాలి" అంది. ఇంతకంటే మంచి గేమ్ డిస్క్రిప్షన్ మావాడు నెల రోజులు కూర్చున్నా రాయలేదు. దాన్నే స్టోర్ పేజీలో మొదటి లైన్‌గా పెట్టుకున్నాడు.

తుఫాను సీన్ సంగతి ఇంకా తేలలేదు. స్క్రీన్‌షాట్లు ఎనిమిది వరకు పెట్టొచ్చు. ఆఖరిదిగా ఆ చెంబు సీన్ పెడదామని నేనంటాను, లోపల ఏముందో దాచడం కూడా ఒక రకం అబద్ధమే కదా అని. చెల్లి ఇప్పుడు వద్దంటోంది. కవర్ మీద పెట్టాలని పోట్లాడిన మనిషే, పిన్ని మాట విన్నాక, "అంగట్లో పెట్టను, ఇంటికొచ్చినోళ్లకి సూపిస్తాను" అంటోంది. మావాడు ఎటూ చెప్పలేక టీ తాగుతున్నాడు. పెద్ద బ్యానర్‌లో మాత్రం ఎడమ అంచున, మామ్మ వెనకాల, ఒక కొబ్బరిచెట్టు వాలి ఉంటుంది. వాలింది కానీ పడలేదు, కాయలున్నాయి. చూసేవాళ్లు చూస్తారు.

స్క్రీన్‌షాట్ విషయంలో మీరేమంటారో కామెంట్‌లో రాయండి, ముఖ్యంగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు. మీ మాటలు చెల్లికి చదివి వినిపిస్తాను. మీ దగ్గర ఏదైనా గేమ్ ఐకాన్ ఉంటే పంపండి, పిన్నికి చూపిస్తాను. కానీ టీ టైమ్‌లోనే చూస్తుంది, అదీ కళ్లజోడు దొరికితే. ఉంటాను.